పంది మాంసం తినని మామకి పంది పురుగు ఎలా వచ్చింది?

మా చిన్నమామ మూర్ఛ వచ్చి పడిపోతే ఊళ్ళో గాలి సోకిందన్నారు. పట్నంలో తలకి స్కానింగ్ తీసి, మెదడులో పంది బద్దెపురుగు పిల్లలు తిత్తులు కట్టాయన్నారు. మామ పంది మాంసం ముట్టనే ముట్టడు! నాకు అర్థంకాక సైన్సు సార్‌ని అడిగాను.

ఊరపందైనా అడవిపందైనా, ఒక్కోసారి మాంసంలో బియ్యపు గింజల్లాంటి తెల్ల తిత్తులుంటాయి. సరిగా ఉడకకుండా తింటే మన పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. రెండు మూడు మీటర్లుంటుందట! బాగా ఉడికిస్తే తిత్తులు చస్తాయి. పొగమీద ఎండబెట్టినంత మాత్రాన చస్తాయని నమ్మకం లేదు.

అయితే మూర్ఛ తెచ్చేది మాంసం కాదు, పురుగు గుడ్లు. కడుపులో పురుగున్న మనిషి మలంలో అవి వస్తాయి. కంటికి కనపడవు. ఆ మలం తిన్న పందికి కండల్లో తిత్తులు కడతాయి. అవే గుడ్లు చేతులకంటుకునో, నీళ్ళలోనో, పచ్చి కూరగాయల మీదనో మన నోట్లోకి పోతే, పిల్లపురుగులు రక్తంలో పడి మెదడుకి చేరతాయి. కొన్నేళ్ళదాకా మూర్ఛ రాకపోవచ్చు కూడా. మామకి ఎవరి వల్ల వచ్చిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

మామ రోజూ మాత్రలు వేసుకుంటున్నాడు. మేము నీళ్ళు తెచ్చుకునే ఊటకి పైనే ఊరంతా బయటికి వెళతారు. పందులు తిరిగేదీ అక్కడే.