రవ్వకు చోటివ్వని ఇల్లు

2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనా పట్టణాన్ని కార్చిచ్చు కమ్మేసింది. దాదాపు వందమంది చనిపోయారు. రెండు వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. తర్వాత పైనుంచి తీసిన ఫొటోల్లో సముద్రం ఒడ్డున, ఆ బూడిద మధ్య, ఎర్ర కప్పుతో ఒక ఇల్లు చెక్కుచెదరకుండా కనిపించింది. చాలామంది దాన్ని మార్ఫింగ్ అనుకున్నారు.

అది సుమారు నూరేళ్ల నాటి చెక్క ఇల్లు. అంతకుముందే మరమ్మతులు చేయించిన యజమానులు, కప్పుకు లోహపు రేకులు వేయించారు. చూరు నీళ్లు పడేంత మేర ఇంటి చుట్టూ మొక్కలు తీసేసి గులకరాళ్లు పరిపించారు. రాళ్లు పరిపించింది మంటలకు భయపడి కాదు, చెదల బాధ పడలేక! ఇల్లు దక్కడానికి ఈ రెండు పనులూ బాగా ఉపయోగపడ్డాయని నిపుణులు అంటున్నారు.

కార్చిచ్చు అనగానే నిప్పుల గోడ ఊరి మీదకు వచ్చిపడుతుందని అనుకుంటాం. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త జాక్ కోహెన్ ఈ సంగతి తేల్చడానికి 1990ల చివర్లో కెనడా అడవుల్లో పరీక్షలు చేశారు. చెట్ల తలలు మండుతుండగా ఎదురుగా చెక్క గోడలు నిలబెట్టి చూశారు. 10 మీటర్ల దూరంలోని గోడలు కొన్నిసార్లు అంటుకున్నాయి. 20 మీటర్ల దూరంలోనివి అంటుకోలేదు. 2000లో కార్చిచ్చు పాలైన న్యూమెక్సికోలోని లాస్ అలమోస్‌లోనైతే, పునాదుల దాకా కాలిపోయిన ఇళ్ల పక్కనే చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి.

మరి ఇళ్లను కాల్చిందేమిటి?

చాలావరకు నిప్పురవ్వలే. పూరిళ్ల వాడలో ఒక కప్పు అంటుకుంటే రవ్వలెగిరి వీధి చివరి ఇల్లూ రాజుకున్నట్టే, కార్చిచ్చు రవ్వలు గాలివాటున కిలోమీటరు దాటి కూడా వచ్చి పడతాయి. చూరు కింది నీటి గొట్టంలో పేరుకున్న ఎండుటాకులు, గుమ్మం ముందు పీచు పట్టా, గోడకు ఆనించిన కట్టెలమోపు, ఇంటికి తగిలించిన చెక్క కంచె... వీటిలో ఏదో ఒకటి దొరికితే చాలు. అటక గాలి కంతల్లోంచి దూరిన రవ్వ లోపలే రాజుకుంటుంది. బయటివాళ్లకు పొగ కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

అందుకే కాలిఫోర్నియాలో ముప్పున్న ప్రాంతాల్లో కట్టే కొత్త ఇళ్లకు 2008 నుంచి కఠిన నిబంధనలున్నాయి. నిప్పును తట్టుకునే కప్పు, గాలి కంతలకు రవ్వలు దూరని సన్నటి జాలీ, వేడిని తట్టుకునే అద్దాలు ఉండాలి. పాత ఇళ్లవాళ్లు కూడా గొట్టాల్లో ఆకులు తీయడం, జాలీ బిగించడం పెద్ద ఖర్చు లేకుండానే చేసుకోవచ్చు.

గోడ నుంచి 5 అడుగుల్లోపు మండేదేదీ ఉంచకూడదన్న చట్టం 2020లో వచ్చింది. దాన్ని అమలుచేసే నిబంధనలు మాత్రం ఏళ్లతరబడి నానాయి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాక ప్రభుత్వం వాటిపై వేగం పెంచింది. ముద్దుగా పెంచుకున్న మొక్కలను పీకేయడానికి మాత్రం చాలామందికి మనసొప్పడం లేదు.

ఒక్కరు జాగ్రత్తపడితే సరిపోదు కూడా. 2018లో 85 మందిని బలిగొన్న కాలిఫోర్నియా మంటల తర్వాత పారడైజ్ పట్టణాన్ని పరిశీలించినవారు, కాలిన ఇంటికి దగ్గరగా ఉన్న ఇళ్లే ఎక్కువగా కాలాయని గమనించారు. ఒకసారి ఊళ్లోకి వచ్చిన మంటకు పొరుగిల్లే కట్టె. ఈ లెక్క బీమాలోనూ కనిపిస్తోంది. అక్కడ ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకూ ఇది వర్తిస్తుంది: 2022 నాటి నిబంధన ప్రకారం ఇలాంటి జాగ్రత్తలు తీసుకున్న ఇళ్లకే కాదు, వీధంతా కలిసి పూనుకున్న చోట్లకూ బీమా సంస్థలు ప్రీమియంలో రాయితీ ఇవ్వాలి.