ఆఫ్‌రోడ్ బండి ఎత్తు పెంచారా..? హైవే ఎక్కే ముందు స్టీరింగ్ లెక్క సరిచూసుకోండి!

వాన పడితే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో డొంక దారులు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. నల్లరేగడి మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది. టైర్లకు జిగురులా పట్టేస్తుంది. ట్రాక్టర్లు తిరిగిన చోట లోతుగా చాళ్లు పడి, మధ్యలో మట్టి గట్టులా లేస్తుంది. పత్తి చేనుకో, మిర్చి కల్లానికో వెళ్లాలంటే మామూలు కారు పొట్ట నేలకు తగులుతుంది. అందుకే థార్, జిమ్నీ, పాత జిప్సీ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు ఉన్నవాళ్లు కొందరు లిఫ్ట్ కిట్ వేయించి రెండు, మూడు అంగుళాలు ఎత్తు పెంచుకుంటారు.

చిక్కంతా ఆ తర్వాతే. అదే బండి మేదరమెట్ల దగ్గరో, చిలకలూరిపేట దగ్గరో 16వ నంబర్ జాతీయ రహదారి ఎక్కుతుంది. డొంకలో 20 కిలోమీటర్ల వేగంలో తెలియని లోపం హైవే మీద 80లో బయటపడుతుంది. స్టీరింగ్ నిలకడగా ఉండదు. చిన్న గుంతలో పడినా బండి పక్కకు లాగేస్తుంది. ఆ పక్కనే మిర్చి టిక్కీల లోడు లారీ ఉంటే పరిస్థితి ఏంటి?

ఎత్తుకు, స్టీరింగ్‌కు సంబంధం ఏంటి?

సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిల్ నేరుగా వెళ్లడానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. బండి ముందు చక్రాలకూ అలాంటి వాలే ఉంటుంది. దాన్నే క్యాస్టర్ అంటారు. జిమ్నీలో ముందు ఇరుసును ఛాసిస్‌కు పట్టి ఉంచే ఆర్మ్‌లు ఉంటాయి. స్ప్రింగులు పొడవైతే ఛాసిస్ పైకి లేస్తుంది, ఆర్మ్‌లు కిందికి వాలి ఇరుసును కొంచెం తిప్పేస్తాయి. దాంతో క్యాస్టర్ తగ్గిపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు, నేరు రోడ్డులో కూడా సర్దుతూనే ఉండాలి.

రెండోది పాన్‌హార్డ్ రాడ్. ఇరుసు పక్కలకు కదలకుండా పట్టుకునేది ఇదే. బండి లేచేకొద్దీ ఈ రాడ్ ఏటవాలుగా మారి ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. వెనక నుంచి చూస్తే ఒక చక్రం ఎక్కువ, ఇంకో చక్రం తక్కువ బయటకు కనిపిస్తుంది.

మూడోది డ్రాగ్ లింక్. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్ ఇది. డ్రాగ్ లింక్, పాన్‌హార్డ్ రాడ్ దాదాపు ఒకే వాలులో ఉండాలి. ఒకదాని వాలు మారి ఇంకోదానిది మారకపోతే, గుంత వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. దీన్నే బంప్ స్టీర్ అంటారు.

థార్ సంగతి వేరు

2020లో వచ్చిన కొత్త థార్‌లో ముందు వైపు రెండు చక్రాలను కలిపే ఒకే ఇరుసు ఉండదు. రెండు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉంటుంది. ఇక్కడ స్పేసర్ వేసి ఎత్తు పెంచితే టై రాడ్లు, యాక్సిల్ షాఫ్ట్‌లు ఏటవాలుగా మారతాయి. టో, క్యాంబర్ లెక్క తప్పి టైర్లు ఒక అంచున అరిగిపోతాయి. యాక్సిల్ జాయింట్లు, బాల్ జాయింట్ల మీద భారం పెరుగుతుంది. అందుకే ఇలాంటి బండికి ఎక్కువ ఎత్తు పనికిరాదు.

సరిచేయడం ఎలా?

పని ఒక వరుసలో జరగాలి. ముందుగా పాత బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లలో ఆట ఉందేమో చూడాలి. అరిగినవి మార్చకుండా కొలతలు సరిచేసినా ఉపయోగం లేదు. తర్వాత క్యాస్టర్ సరిచేసే బుష్‌లు లేదా కొత్త ఆర్మ్‌లు వేయాలి. పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్‌తో ఇరుసును మధ్యకు తేవాలి. అప్పుడు డ్రాగ్ లింక్ వాలు చూసి, చివరగా స్టీరింగ్‌ను నడిమికి తెచ్చి వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. కంప్యూటర్ రిపోర్టులో టో ఒక్కటే కాదు, క్యాస్టర్ అంకె కూడా అడిగి చూడాలి. బ్రేక్ పైపులు బిగుసుకుపోతున్నాయా, ప్రొపెల్లర్ షాఫ్ట్ నుంచి వణుకు వస్తోందా అన్నదీ చూడాల్సిందే.

స్టీరింగ్ ఊగిపోతుంటే కొందరు స్టీరింగ్ డ్యాంపర్ మార్చి సరిపెడతారు. అది ఊపును కాసేపు దాస్తుంది అంతే, కారణం అలాగే ఉంటుంది. ఇక ఛాసిస్ బ్రాకెట్లు, స్టీరింగ్ ఆర్మ్‌లను కోసి వెల్డింగ్ చేయించడం ప్రాణాలతో చెలగాటమే.

చట్టం ఏమంటోంది?

రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి గ్యారేజీకి వెళ్లే ముందే రవాణా శాఖ కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోవడం మంచిది.

అసలు లిఫ్ట్ అవసరమా?

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జిమ్నీ, జిప్సీ లాంటి బండ్లలో స్ప్రింగులు పెంచితే బాడీ లేస్తుంది గానీ, కింద ఇరుసు గుండు మాత్రం ఉన్న ఎత్తులోనే ఉంటుంది. డొంకలో మట్టి గట్టుకు ముందు తగిలేది ఆ గుండే. అది పైకి లేవాలంటే టైరు పెద్దదవ్వాలి. అదీ టైరు రెండు అంగుళాలు పెద్దదైతే ఇరుసు లేచేది ఒక్క అంగుళమే.

కంపెనీ లెక్క ప్రకారమే థార్ గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు, జిమ్నీది 210. రేగడి బురదలో చాలాసార్లు బండిని ఆపేది ఎత్తు కాదు, టైరుకు పట్టు దొరక్కపోవడమే. కంపెనీ కొలతకు సరిపోయే మంచి మడ్ టైర్లు వేసుకుని, డొంకలోకి దిగేటప్పుడు గాలి కొంత తగ్గించి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకుంటే చాలామందికి పని జరిగిపోతుంది. అప్పుడు స్టీరింగ్ లెక్క చెడదు, ఆర్టీవో గొడవా ఉండదు.