ఏథెన్స్ ఇళ్ల కింద దొరికిన అగోరా

పురాతన ఏథెన్స్‌లో సంత, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, ఊరి కబుర్లు అన్నీ ఒక్కచోటే సాగేవి. అక్రోపొలిస్ కొండకు వాయవ్యాన ఉన్న ఆ మైదానం పేరు అగోరా. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పాసనియస్ అక్కడి కట్టడాలను వివరంగా వర్ణించాడు. అయితే కాలక్రమంలో వాటిపై మట్టి పేరుకుని ఇళ్లు లేచాయి. ఏ కట్టడం ఎక్కడుండేదన్నది పండితుల వాదనలకే పరిమితమైంది.

1931 మేలో ఏథెన్స్‌లోని అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్ లెస్లీ షియర్ ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలుపెట్టింది. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ భారీగా విరాళమిచ్చాడు. సుమారు 400 ఇళ్లను కొని పడగొట్టారు. చరిత్ర కోసం బతికున్న పేటనే ఖాళీ చేయించారన్నమాట.

తవ్వగా బయటపడిన పాలరాతి పునాదుల కన్నా పూడిపోయిన బావులే ఎక్కువ కథలు చెప్పాయి. క్రీ.పూ. 480లో పర్షియన్లు నగరాన్ని తగలబెట్టాక, తిరిగొచ్చిన జనం పగిలిన కుండలనూ శిథిలాలనూ వాటిలో పారబోశారు. నాయకులను పదేళ్లపాటు దేశం నుంచి వెళ్లగొట్టడానికి ఓటు వేసిన కుండపెంకులు కూడా అగోరాలో వందల కొద్దీ దొరికాయి. కాస్త ఎగువన, అక్రోపొలిస్ ఉత్తర వాలులోని ఒక బావిలో 190 పెంకులున్నాయి. అన్నిటిపైనా ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్ పేరే. చేతిరాతలు చూస్తే రాసినవాళ్లు 14 మందే! ప్రత్యర్థులు ముందే రాయించి పంచడానికి సిద్ధం చేశారని భావిస్తున్నారు.

వ్యాపారం మీద నిఘా గట్టిగానే ఉండేది. ప్రభుత్వం నిర్ణయించిన కంచు తూనికరాళ్లు, కొలపాత్రలు దొరికాయి. 1970లో బయటపడిన క్రీ.పూ. 375 నాటి శాసనం ప్రకారం, వెండి నాణేలను పరీక్షించడానికి ఒక ప్రభుత్వ బానిస డబ్బు మార్చే బల్లల మధ్య కూర్చునేవాడు. అతను మంచిదని తేల్చిన నాణేన్ని కాదన్న వర్తకుడి ఆనాటి సరుకంతా జప్తు.

మైదానం అంచున సరిహద్దు రాయి పక్కనే ఉన్న ఒక ఇంట్లో చెప్పులకు కొట్టే ఇనుప మేకులు, ఎముక ఉంగరాలు కనిపించాయి. అక్కడే దొరికిన గిన్నె అడుగుభాగంపై సైమన్ పేరు చెక్కి ఉంది. సోక్రటీస్ సైమన్ అనే చెప్పులు కుట్టేవాడి దుకాణంలో కూర్చుని చర్చించేవాడని ప్రాచీన గ్రంథాలు చెబుతాయి. ఇది ఆ దుకాణమే కావచ్చు.

పెర్గమన్ రాజు రెండవ అట్టలస్ అగోరాలో క్రీ.పూ. 2వ శతాబ్దంలో కట్టించిన రెండంతస్తుల దుకాణాల మండపాన్ని 1953–56లో పాత పునాదుల మీదే తిరిగి నిర్మించారు. ఇప్పుడది మ్యూజియం. మైదానాన్ని చీల్చుకుపోయే రైలు పట్టాలకు ఉత్తరాన, చిత్రాలకు పేరుపడ్డ స్టోవా పోయికిలే జాడ 1981లో దొరికింది. స్టోయిక్ తత్వవేత్తలకు ఆ పేరు వచ్చింది ఈ మండపం నుంచే.