మీకు తెలుసా? తేటనీటి ఏటిలో ప్రతి అడుగూ లెక్కే

కశ్మీర్‌లో అనంతనాగ్ జిల్లా కోకర్‌నాగ్ దగ్గర పారే బ్రింగి ఏరు ట్రౌట్ చేపలకు పేరుమోసింది. ఇక్కడ గాలం వేసేవాళ్లు ఒడ్డున కూర్చోరు, పడవ ఎక్కరు. మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఏటికి ఎదురు నడుస్తూ పొద్దంతా గడుపుతారు. అడుగున గులకరాళ్లను లెక్కపెట్టుకోవచ్చు, నీళ్లు అంత తేట. అలాంటి చోట చేపను పట్టడం తేలికే అనిపిస్తుంది. కానీ మనకు అది కనబడేలోపే దానికి మనం కనబడిపోతాం. ఈ వేటలో చేతుల కన్నా ముందు కాళ్లు పని నేర్చుకోవాలి.

మీకు తెలుసా, నీటిలో ఉన్న చేప మన లోకాన్ని ఒక గుండ్రటి కిటికీలోంచే చూస్తుంది! గాలిలోంచి నీటిలోకి వచ్చే కాంతి వంగుతుంది. దానివల్ల ఆకాశం, చెట్లు, కొండలు, మనిషి అన్నీ దాదాపు 97 డిగ్రీల కోణంలోకి ముడుచుకుపోతాయి. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు సుమారు 2.3 మీటర్లు. దాని అవతల నీటి పైపొరలో ఏటి అడుగే ప్రతిఫలించి కనిపిస్తుంది. నడుం వంచి తగ్గి నడిచేవాడు కిటికీ అంచున సన్నగా నలిగిపోతాడు. నిటారుగా నిలబడ్డవాడు దొరికిపోతాడు. బాగా అనుభవం ఉన్నవాళ్లు కొన్నిచోట్ల మోకాళ్ల మీద కూడా పాకుతారు.

ఏటికి ఎదురు నడవడానికీ కారణం ఉంది. ట్రౌట్ మామూలుగా ప్రవాహానికి ఎదురు తిరిగి నిలుచుంటుంది, తిండీ ప్రాణవాయువూ అటునుంచే వస్తాయి కాబట్టి. దాని తోక వెనక కొంత మేర దానికి ఏమీ కనబడదు. కిందినుంచి పైకి వెళ్లేవాడు ఆ మరుగులోనే నడుస్తాడు. అతని కాళ్లు లేపిన బురద కూడా వెనక్కే కొట్టుకుపోతుంది.

మరి మాట్లాడుకోవచ్చా? నిక్షేపంగా. గాలిలో పుట్టిన శబ్దం నీటి ఉపరితలానికి తగిలి దాదాపుగా అంతా వెనక్కి మళ్లిపోతుంది. కాలి కింద రాయి రాయికి ఒరుసుకున్న చప్పుడు మాత్రం నీటిలో గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో, సెకనుకు సుమారు 1,480 మీటర్లు పరుగెడుతుంది. చేపకు లోపలి చెవులే కాక ఒంటి పక్కల పొడవునా నీటి కదలికను పసిగట్టే ఒక గీత ఉంటుంది. బరువైన అడుగు చాలు, ఆ మడుగులో చేపలన్నీ చెదిరిపోతాయి.

తేటనీరు మనిషినీ మోసం చేస్తుంది. పైనుంచి చూస్తే 3 అడుగులనిపించే చోటు నిజంగా 4 అడుగులుంటుంది. ఇదీ కాంతి వంగడం వల్లే. పైగా ప్రవాహం వేగం రెట్టింపైతే కాళ్ల మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఏరు దాటేటప్పుడు ఒక కాలు కుదురుకున్నాకే రెండోది కదపాలి, చేతికర్ర ఎగువ వైపు ఆనించాలి. పక్కనే ఉన్న లిద్దర్ లాంటి ఏళ్లలో ఇంకో చిక్కుంది. లిద్దర్‌ది కొలహాయ్ హిమానీనదం కరిగిన నీరు. వేసవిలో పొద్దెక్కేకొద్దీ మంచు కరుగుతుంది, ఉదయం సులువుగా దాటిన చోటు సాయంత్రానికి దాటరానిదవుతుంది.

బ్రింగి కథ వేరు. అది పారేది సున్నపురాయి నేల మీద. అక్కడి రాయిని నీరు తొలిచి కింద దారులు చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఏటి గర్భంలో ఒక్కసారిగా గొయ్యి పడి ఏరంతా అందులోకి దిగిపోయింది. దిగువన ఏటి పడక ఎండిపోయి ట్రౌట్లు చచ్చిపడ్డాయి. ఇలా భూమిలోకి దిగే బ్రింగి నీరు అచ్ఛబల్ ఊటలో పైకి వస్తుందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. మొఘలుల కాలంలో తోట వేసింది ఆ ఊట చుట్టూనే.

ఇంత చేసి, ట్రౌట్ అసలు కశ్మీర్ చేపే కాదు! 1899లో బ్రిటన్ నుంచి తెచ్చిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల కర్మాగారం నడిపిన ఫ్రాంక్ మిచెల్ వాటిని పొదిగించి పెంచాడు. పాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఈ ప్రయత్నం జరిగింది. 1863లో ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు నీలగిరులకు ట్రౌట్ తేవాలని చూసి విఫలమయ్యాడు. 1907లో అక్కడి అవలాంచిలో ట్రౌట్ పెంపక కేంద్రం వెలిసింది. మన గోదావరిలో, కృష్ణలో ట్రౌట్ ఎందుకు లేదంటే, దానికి చల్లదనమే ప్రాణం. 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. 20 డిగ్రీలు దాటితే చాలు, ట్రౌట్ అవస్థ పడుతుంది.

కశ్మీర్ ఏళ్లలో ముందునుంచీ ఉన్నది స్నో ట్రౌట్. పేరులో ట్రౌట్ ఉన్నా అది మన శీలావతి, బొచ్చె చేపల కుటుంబానిదే. వచ్చిన చేపను అందరూ మెచ్చుకుంటుంటే ఈ ఊరి చేప మరుగున పడడం నాకు బాధగా ఉంటుంది.

కాలి కింద రాయిని ఒకటి తిప్పి చూడండి. చదునుగా అతుక్కుని మేఫ్లై అనే పురుగు పిల్ల కనిపిస్తుంది. చాలా జాతుల్లో అది నీటిలో ఏడాది వరకూ పెరుగుతుంది, రెక్కలొచ్చాక బతికేది కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో. తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. రెక్కలు వచ్చాక మళ్లీ ఒకసారి కుబుసం విడిచే పురుగులు లోకంలో ఇవొక్కటే. పక్కనే కాడిస్ పురుగు నోటినుంచి పట్టుదారం తీసి ఇసుక రేణువులను కలిపి గూడు కట్టుకుంటుంది. గాలానికి ఈకలతో కట్టే ఎరలు ఎక్కువగా ఇలాంటి పురుగులకు నకళ్లే. చూశాక రాయిని ఉన్నట్టే పెట్టేయండి.

ఒక ఏట్లో తడిసిన బూట్లను ఆరనివ్వకుండా వాటితోనే ఇంకో ఏట్లో దిగితే నాచు, రోగాలు వెంటపోతాయి. 2004లో డిడిమో అనే నాచు బయటపడ్డ న్యూజిలాండ్, 2008లో అడుగున తడిని పట్టి ఉంచే ఫెల్ట్ వేసిన బూట్లను నిషేధించింది.

చలికాలంలో గోధుమరంగు ట్రౌట్ ఆడచేప తోకతో గులకల్లో గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ గులకలు కప్పేస్తుంది. పిల్లలు పైకి రావడానికి నెలలు పడుతుంది. 1992లో మోంటానా పరిశోధకులు ఇలాంటి గులకల మీద రోజుకు రెండుసార్లు నడిచి చూస్తే లోపలి గుడ్లలో, పిల్లల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. గుడ్లు పెట్టే ఆ కాలంలో ట్రౌట్ ఏళ్లలో వేట మూసేస్తారు. వేట తెరిచాక కూడా వసంతంలో గులకల్లో పిల్లలుండే అవకాశం ఉంది. అడుగున చుట్టూ ఉన్న రాళ్లకన్నా లేతగా, నాచు లేకుండా, కడిగినట్టున్న గులకల మచ్చ కనిపిస్తే దాని మీదా, దానికి దిగువనున్న చిన్న గుట్ట మీదా కాలు పెట్టకండి. గుడ్లు ఎక్కువగా ఉండేది ఆ గుట్టలోనే. ఒడ్డెక్కి చుట్టూ తిరిగి వెళ్లండి.