గేటు ఎత్తితే గూడు మునుగుతుంది!

గద్వాల అనగానే ఎవరికైనా జరీ అంచు చీర గుర్తొస్తుంది. కాస్త భక్తి ఉన్నవాళ్లకైతే అలంపురం జోగులాంబ. మొసలి గుర్తొచ్చేది మాత్రం కృష్ణ ఒడ్డున పొలం ఉన్నవాళ్లకే! వరి మడిలోనో కాలువ గట్టునో మొసలి కనపడిందనీ, ఊరంతా పోగై తాళ్లతో కట్టి అటవీ శాఖకు అప్పగించిందనీ గద్వాల, వనపర్తి జిల్లాల నుంచి తరచూ వార్తలు వస్తుంటాయి. చదివి, అమ్మో అనుకుని, పేజీ తిప్పేస్తాం. అది మడిలోకి ఎందుకొచ్చిందో ఆలోచించం.

ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ ఆల్మట్టి, నారాయణపూర్ దాటుకుని తెలంగాణలో అడుగుపెట్టాక ఎదురయ్యే మొదటి ఆనకట్ట జూరాల. కుడిగట్టు గద్వాల జిల్లా, ఎడమగట్టు వనపర్తి జిల్లా. పూర్తిమట్టం 1045 అడుగులు, పట్టే నీళ్లు సుమారు పది టీఎంసీలు. శ్రీశైలం, సాగర్‌ల ముందు చిన్నపిల్ల కిందే లెక్క. అక్కడి నుంచి బీచుపల్లి మీదుగా దిగితే నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల దగ్గర శ్రీశైలం వెనకజలాలు సముద్రంలా పరుచుకుంటాయి. ఆపైన నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి దక్షిణాన సరిహద్దు కృష్ణే. పులులకు రిజర్వు ఉంది సరే... ఆ పైనున్న నీళ్లలోని జీవాల మాటేమిటి?

వచ్చేవాళ్లు, పోయేవాళ్లు

పాలమూరు అంటే వలసల జిల్లా అని పేరు. పనుల కోసం జనం ముంబయికీ పుణెకూ బస్సెక్కే చలికాలంలోనే, దక్కను జలాశయాలకు మరో వలస మొదలవుతుంది. తల మీద రెండు నల్లచారలున్న బాతులు టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాల మీదుగా ఎగిరొస్తాయి. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు సరేసరి.

వీటన్నిటిలో నీటిమట్టాన్ని నమ్ముకుని బతికే పిట్ట ఒకటుంది. రివర్ టెర్న్. నల్లటోపీ, పసుపుపచ్చ ముక్కు, తోక చీలి ఉంటుంది. చెట్టు మీద గూడు కట్టదు. వేసవిలో నీళ్లు తగ్గి తేలిన ఇసుకదిబ్బల మీదా బండల మీదా చిన్న గుంట చేసి గుడ్లు పెట్టేస్తుంది. చుట్టూ నీళ్లుంటేనే ఆ దిబ్బకు రక్షణ. నీళ్లు మరీ తగ్గితే దిబ్బ ఒడ్డుతో కలిసిపోయి కుక్కలు, నక్కలు నడిచొచ్చేస్తాయి. వేళకాని వేళ పైనుంచి నీళ్లు వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. రెండడుగులు అటూ ఇటూ అయితే ఆ ఏటికి పిల్లల్లేనట్టే!

మొసలి కథా దాదాపు ఇదే. మన కృష్ణలో ఉండేది మగ్గర్ జాతి. వేసవిలో ఒడ్డున గొయ్యి తవ్వి పాతిక ముప్ఫై గుడ్లు పెడుతుంది. రెండు నెలలకు పొదుగుతాయి. వింతేమిటంటే, పుట్టేది ఆడో మగో తేల్చేది గూటిలోని వేడే. ఇసుక లారీ వచ్చి ఆ గట్టునే తవ్వుకుపోతే? మడుగు ఎండినా, వరద ముంచెత్తినా మగ్గర్ కొత్త నీళ్లు వెతుక్కుంటూ నేల మీద నడిచి పోతుంది. దారిలో తగిలేది ఎవరో ఒకరి వరిమడి. పట్టినదాన్ని తిరిగి కృష్ణలో వదులుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉన్న ప్రాణి మరి. అలాగని అర్ధరాత్రి మోటారు వేయడానికి వెళ్లే రైతు భయాన్ని తీసిపారేయలేం. పుట్టి వేసుకుని చేపలకు వెళ్లే బెస్తలకు వల చిరిగితే ఆ రోజు కూలి పోయినట్టే.

జాంబియాలో ఏం జరిగింది?

ఆఫ్రికా అనగానే మనకు సింహాలు, జిరాఫీలు. జాంబియాలో లోచిన్‌వార్ అనే చిన్న జాతీయ పార్కు పేరు విన్నవాళ్లు తక్కువ. కఫూయె నది పొంగి విడిచే చిత్తడి మైదానాల్లో ఉంటుందది. మోకాలి లోతు నీళ్లలో గడ్డి మేసే లేచ్వే అనే జింకలకు పుట్టిల్లు. అందులోనూ కఫూయె లేచ్వే ఆ మైదానాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. 1970లలో ఆ మైదానాలకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి కరెంటు కోసం ఆనకట్టలు కట్టారు. వరద రావాల్సినప్పుడు రాలేదు, పోవాల్సినప్పుడు పోలేదు. వేటా తోడైంది. లక్షకు దగ్గరగా ఉన్న జింకలు తర్వాతి దశాబ్దాల్లో సగానికన్నా తక్కువైపోయాయి. చివరికి 2004లో కరెంటు సంస్థ, ప్రభుత్వం, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కూర్చుని, సహజ వరదను పోలేలా నీళ్లు వదలడానికి పద్ధతి రాసుకున్నాయి. పేద దేశమే, కరెంటుకు కటకటే. అయినా జింకకూ ఒక వాటా ఉందని ఒప్పుకుంది!

మన దగ్గర జూరాల నీటికి వాటాదార్లు ఇప్పటికే బోలెడు. కుడి, ఎడమ కాలువలు, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు, జలవిద్యుత్తు, తాగునీళ్లు. సోమశిల వైపు కల్వకుర్తి ఎత్తిపోతల. కరువు చూసిన నేల ఇది, పొలానికి నీళ్లొద్దని ఎవరంటారు? అడిగేది నీళ్లు కాదు, వేళ. దిబ్బ మీద గుడ్లున్న ఆ కొద్ది వారాలు మట్టం ఒక్కసారిగా మారకుండా చూడగలరా అన్నదే ప్రశ్న. రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేలల్లో మన కొల్లేరు 2002లోనే చేరింది. 2024 చివరిదాకా చూసినా తెలంగాణ నుంచి ఒక్కటీ లేదు.

మునిగిన ఊళ్ల మీద

సోమశిల అందాన్ని చూసేవాళ్లు ఒకటి మర్చిపోకూడదు. శ్రీశైలం ఆనకట్ట కోసం వందకు పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. జటప్రోలు గుళ్లను రాయి రాయి విప్పి మరోచోట నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలింది. గుడికి దొరికిన శ్రద్ధ జనానికి దొరకలేదని నిర్వాసితుల కుటుంబాలు నేటికీ అనుకుంటాయి. అలా ఊళ్లు మునిగిన చోటే చేపలు పెరిగాయి, చేపల కోసం నీటికుక్కలు తిరుగుతున్నాయి. ఇప్పుడు అదే చోట దోమతెరలాంటి అలివి వలలతో వేలెడు పిల్లచేపల్నీ ఊడ్చేస్తున్నారు. నిషేధం ఉంది, దాడులూ జరుగుతాయి, వలలు మళ్లీ పడతాయి.

దారిలో మదనాపురం దగ్గర సరళాసాగర్ చూడకపోతే వనపర్తి చూసినట్టు కాదు. 1949లో పని మొదలై 1959లో పూర్తయిన ఈ జలాశయానికి సంస్థానాధీశుడు రామేశ్వరరావు తల్లి పేరు పెట్టారు. నిండితే చాలు, మనిషి చెయ్యి పడకుండా సైఫన్లు వాటంతటవే నీళ్లు వదులుతాయి. 2019 డిసెంబరు 31న కట్ట తెగింది, తర్వాత మళ్లీ కట్టారు.

వెళ్లాలనుకునేవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద ఎర్రవల్లి కూడలిలో తిరిగితే గద్వాల. రైలూ ఉంది. సోమశిలకు కొల్లాపూర్ మీదుగా వెళ్లాలి. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి. వేసవిలో వెళితే మాత్రం, పుట్టి వాడు ఎంత బతిమాలినా తెల్లపిట్టలు గోల చేస్తున్న దిబ్బ మీద దిగకండి. తల్లి లేచిపోతే ఆ ఎండకు గుడ్లు అక్కడే ఉడికిపోతాయి.