నీళ్లు వదిలే మాట ఒక్కటే, తూములే వేరు

నాట్లప్పుడు గుడివాడ వైపు రైతు కాలువ తూములు చూసే లస్కరును అడిగే మాట ఒక్కటే: "కాస్త నీళ్లు వదలవయ్యా." ఆ తూముకు ఇనుప షట్టరు ఉందా, చెక్కలు అడ్డం వేశారా, మర ఎటు తిప్పితే తలుపు లేస్తుంది అన్నది లస్కరుకు తెలిస్తే చాలు. కంప్యూటర్లో ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. మంచి డ్రైవర్ ఈ రైతులాంటిది. ప్రాసెసర్ గుట్టు తెలిసిన లస్కరు కింద వేరే ఉంటాడు.

మచిలీపట్నంలో తుఫాన్ల కోసం డాప్లర్ రాడార్ ఉంది. 1926లో పుట్టి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) సంస్థలో కలిసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వారసత్వంతో చీకట్లో చూసే పరికరాలు తయారయ్యేదీ ఈ ఊళ్లోనే. ఇలాంటి యంత్రాలు ఏళ్ల తరబడి పనిచేయాలి. ప్రాసెసర్లు మాత్రం అంతకాలం బజారులో దొరకవు. చిప్ మారిన ప్రతిసారీ కోడ్ మొదటి నుంచి రాయాలంటే ఎవరి తరం?

పరికరంలో రిజిస్టర్లనే చిన్న గళ్లుంటాయి. వాటిలో అంకెలు రాస్తే అది పనిచేస్తుంది. ఇంటెల్ ఎక్స్86 చిప్‌లలో వాటికోసం 65,536 పోర్టులతో ప్రత్యేక దారి ఒకటుంది. ఆర్మ్, రిస్క్-ఫైవ్ రకం చిప్‌లలో ఆ దారి లేదు, మెమరీ చిరునామాల గుండానే వెళ్లాలి. 1991లో 386 చిప్ కోసమే పుట్టిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టం, 1995 మార్చిలో వచ్చిన 1.2తో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ చిప్‌ల మీదికీ చేరింది. ఇన్ని చిప్‌ల మీద నడవాలంటే లస్కరు తప్పనిసరి. లినక్స్‌లో మెమరీ చిరునామాల దారిలో ఆ పని రీడ్‌ఎల్, రైట్‌ఎల్ అనే చిన్న ఫంక్షన్లది.

అంకెల వరుస మరో చిక్కు. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజును మనం 19-11-1977 అని రాస్తాం. ఏడాదిని ముందు రాసేవాళ్లూ ఉన్నారు. రోజు అదే, వరుసే తిరగబడింది. ప్రాసెసర్లూ అంతే: కొన్ని పెద్ద అంకెలోని చిన్న భాగాన్ని ముందు దాస్తాయి, కొన్ని పెద్ద భాగాన్ని. రైట్‌ఎల్ అవసరమైతే ఆ వరుసను తిప్పి పరికరానికి అందిస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేది పనుల క్రమం. మురుగు తూము మూయకముందే కాలువ తూము ఎత్తితే నీళ్లన్నీ డ్రెయిన్ పాలు. నెట్‌వర్క్ కార్డుకూ అంతే: పంపాల్సిన సమాచారం ముందు మెమరీలో ఉండాలి, తర్వాతే "తీసుకో" అని రిజిస్టర్‌లో రాయాలి. ఎక్స్86 రాతల వరుసను దాదాపు తప్పదు. ఆర్మ్, రిస్క్-ఫైవ్ మాత్రం వేగం కోసం ముందు వెనకలు మార్చగలవు. సీ భాషలోని వోలటైల్ అన్న మాట, కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలర్‌ను ఆపుతుందే గానీ చిప్‌ను ఆపదు. అందుకే వోలటైల్‌నే నమ్ముకుని ఇంటెల్ మీద ఏళ్లపాటు నడిచిన డ్రైవర్ ఆర్మ్ మీద ఎప్పుడో ఒకసారి, కారణం తెలియకుండా తప్పవచ్చు. పట్టుకోవడం కష్టమైన రోగం ఇది. రైట్‌ఎల్ ఆర్మ్ మీదైతే రాతకు ముందు ఒక అడ్డుకట్ట వేస్తుంది. రిస్క్-ఫైవ్ మీద ఫెన్స్ అనే ఆదేశం ఇస్తుంది. ఎక్స్86 మీద కంపైలర్‌ను కట్టడి చేస్తే చాలు. డ్రైవర్ రాసినవారికి ఇవేవీ కనబడవు.

ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లూ, సీ-డాక్ వేగా ప్రాసెసర్లూ రిస్క్-ఫైవ్ మీదే కట్టినవి. 2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15లో రిస్క్-ఫైవ్‌కు చోటు దొరికినప్పుడు, దాని లస్కరు కోడ్‌ను కొత్తగా రాశారు. రీడ్‌ఎల్, రైట్‌ఎల్ మాటలతో మొదటి నుంచీ పద్ధతిగా రాసిన పాత డ్రైవర్లలో పరికరంతో మాట్లాడే వాక్యాలను ఆ చిప్ కోసం మార్చాల్సిన పని లేకపోయింది.