ఎముకలో కంసాలి పని

జమ్మలమడుగు చుట్టుపక్కల తవ్వి తీసే నాపరాయి సున్నపురాయి జాతిది. దాని గట్టిదనం కాల్షియం వల్ల వచ్చిందే, మన ఎముకదీ అంతే. అయితే ఇంటి ముందు పరిచిన బండ పగిలితే పగిలిందే. విరిగిన చెయ్యి మాత్రం అతుక్కుంటుంది. పిండికట్టు అయినా, పుత్తూరు కట్టు అయినా ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుందంతే. అతికించే పని లోపలి కణాలది.

ఆ పని ప్రొద్దుటూరు వాళ్లకు సులువుగా అర్థమవుతుంది. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ఆ ఊళ్లో పాత గాజులు మూసలో కరిగి కొత్త నగలవడం మామూలే. ఎముకలో ఆ మూస పని ఆస్టియోక్లాస్టులది. రక్తకణాల వంశంలో పుట్టి, ఒక్కోటి అనేక కేంద్రకాలతో పెరిగే ఈ పెద్ద కణాలు ఆమ్లం వదిలి పాత ఎముకను కరిగిస్తాయి. వాటి వెనకే ఆస్టియోబ్లాస్టులు దిగి, ఆ గుంటలో ముందు కొల్లాజెన్ పోగులు పేర్చి, ఆపైన కాల్షియం, ఫాస్ఫేట్ ఎక్కిస్తాయి. కరిగించడానికి రెండు మూడు వారాలు చాలు, కట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కంసాలి దగ్గరా ఆలస్యమంతా నగ చేయడంలోనే కదా! పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం ఇలా కొత్తదవుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గాక కరిగించే పనిదే పైచేయి అవుతుంది, ఎముక గుల్లబారుతుంది.

కట్టిన కణాల్లో కొన్ని తాము లేపిన గోడలోనే చిక్కుకుపోతాయి. అవే ఆస్టియోసైట్లు. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. చిక్కుకున్నా ఊరుకోవు. సన్నని పోగుల్లాంటి చేతులు చాచి ఒకదాన్నొకటి అందుకుంటాయి. ఎక్కడ బరువు పడుతోందో, ఎక్కడ చీలిక వచ్చిందో పసిగట్టి, కరిగించే వాళ్లకూ కట్టే వాళ్లకూ కబురు పంపుతాయి. నెలల తరబడి మంచం పట్టిన మనిషి ఎముక పలచబడేది ఈ కబుర్ల వల్లే.

పులివెందుల వైపు వ్యవహారం తిరగబడుతుంది. వేంపల్లె పరిసరాల భూగర్భజలాల్లో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఏళ్ల తరబడి మించితే ఎముక ఖనిజంలో చేరి, ఆస్టియోబ్లాస్టులను రెచ్చగొడుతుంది. ఎముక దట్టమవుతుంది కానీ బలం పెరగదు. కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట 1937లో నమోదు చేసింది నాటి నెల్లూరు జిల్లాలోనే.

బోరునీళ్లు కాచి తాగితే చాలని కొందరి నమ్మకం. కాస్తే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది.